సైకిల్ హ్యాండిల్ మీద ఏది ఉండాలి: ఫోనా, విడి జీపీఎస్సా?

దారి చూసుకోవడానికి ఫోన్ సరిపోతుందా, విడిగా సైకిల్ జీపీఎస్ కొనాలా అని ఆలోచించేవాళ్లు సాధారణంగా ముందు అడిగేది "ఏది కచ్చితంగా చూపిస్తుంది?" అని. ఆ సంగతి మొదటే తేల్చేద్దాం, ఎందుకంటే ఎంపికకు అది పెద్దగా పనికిరాదు. ఇప్పటి ఫోన్లూ, సైకిల్ జీపీఎస్‌లూ అమెరికా వాళ్ల జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాల సిగ్నళ్లు కూడా అందుకుంటాయి. పైన ఆకాశం అడ్డం లేకుండా ఉంటే మామూలు ఫోన్ సైతం మనం ఉన్న చోటును ఐదు మీటర్లు అటూ ఇటూగా పట్టేస్తుంది. 2018 నుంచి రెండు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసే ఫోన్లు కూడా వచ్చాయి. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొచ్చే చోట అవి ఇంకాస్త మెరుగు. ఫ్లైఓవర్, దాని పక్కన సర్వీస్ రోడ్డు విడిపోయే చోట ఫోనూ తికమకపడుతుంది, జీపీఎస్ పరికరమూ తికమకపడుతుంది. మిగతా చోట్ల సైకిల్ వేగానికి ఐదు మీటర్ల తేడా లెక్కలోకి రాదు.

మనల్ని ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. నేను మూడేళ్ల పాటు ఫోన్‌తోనే తొక్కాను. ఒక వానాకాలం సాయంత్రం, ఇంటికి ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా ఫోన్ ఆరిపోయింది. పొద్దుటి నుంచి ఎండలో స్క్రీన్ నిండు వెలుతురుతో నడిచింది. మధ్యాహ్నం వాన పట్టుకుంది. పవర్ బ్యాంక్ ఉంది కదా అని కేబుల్ పెడితే, పోర్టులో తేమ ఉందంటూ ఛార్జింగ్ ఎక్కించుకోలేదు. దారి అంటే నలుగురినీ అడిగి తెలుసుకున్నాను. కానీ ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పే వీలు లేకపోయింది. నేను చేరేసరికి మా అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. దారి తెలియకపోవడం కంటే ఫోన్ లేకపోవడం ఎంత పెద్ద కష్టమో ఆ రోజు తెలిసింది. అందుకే ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఇది: దారి చూపే పనీ, ఆపదలో మనిషిని పిలిచే పనీ ఒకే బ్యాటరీ మీద పెట్టి మీరు ఎన్ని గంటలు బయట ఉంటారు?

బ్యాటరీ లెక్క

ఫోన్‌లో ఎక్కువ బ్యాటరీ తాగేది జీపీఎస్ చిప్ అని చాలామంది అనుకుంటారు. అసలు తాగేది స్క్రీన్. ఫోన్ స్క్రీన్ తన వెలుతురుతోనే కనిపించాలి కాబట్టి, మధ్యాహ్నపు ఎండలో దాన్ని చదవాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచక తప్పదు. అలా మ్యాప్ తెరిచి పెట్టి తొక్కితే మంచి ఫోన్ కూడా నాలుగైదు గంటల్లో చివరికొస్తుంది. పాత బ్యాటరీ అయితే ఇంకా ముందే. పైగా ఎండకు ఫోన్ వేడెక్కితే దానంతట అదే వెలుతురు తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని యాపిల్ స్వయంగా చెబుతుంది. నల్లటి కవర్‌లో, నేరుగా ఎండ తగిలేలా హ్యాండిల్ మీద కూర్చున్న ఫోన్‌కు ఆ హద్దు దాటడం ఎంతసేపు?

సైకిల్ కోసమే చేసిన జీపీఎస్‌లలో చాలావాటికి స్క్రీన్ వేరే రకం. మీద పడిన వెలుతురునే వెనక్కి పంపి కనిపిస్తుంది, అంటే ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. చీకటి పడ్డాకే వెనక లైటు అవసరం. రంగులు వెలిసిపోయినట్టుంటాయి, షాపులో ఫోన్ పక్కన పెట్టి చూస్తే ముచ్చటగా అనిపించదు. కానీ ఎండలో ఒక్క చూపుకు మలుపు తెలిసిపోతుంది. స్క్రీన్ ఎంత తాగుతుందో చూడాలంటే ఒకే కంపెనీ రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టండి. 2022లో వచ్చిన గార్మిన్ ఎడ్జ్ 1040కు ఎక్కువ వాడకంలో 35 గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది. 2024లో ఫోన్‌లాంటి మెరిసే స్క్రీన్ పెట్టి తెచ్చిన ఎడ్జ్ 1050కి అదే లెక్క 20 గంటలకు దిగింది. అందుకే విడి జీపీఎస్ కొనేటప్పుడు "స్క్రీన్ ఎంత అందంగా ఉంది" అని చూసేవాళ్లకు, ఆ అందం కోసమే అయితే మీ ఫోన్ చాలు అని చెబుతాను.

ఈ గంటలు ఎవరికి అవసరం? లాంగ్ రైడ్లు చేసేవాళ్లకు తెలిసిన కొలతే తీసుకుందాం. బ్రెవే అంటే నిర్ణీత గడువులోగా పూర్తి చేయాల్సిన దూర ప్రయాణపు రైడ్. 200 కి.మీ. బ్రెవేకు గడువు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. తెరిచి పెట్టిన ఫోన్ 200లో సగం కూడా నిలవదు. పవర్ బ్యాంక్ తోడు తీసుకుంటే గడుస్తుంది కానీ, దాని మీద రాసిన అంకెను అలాగే నమ్మకండి. 10,000 ఎంఏహెచ్ అన్నారని 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండదు, వోల్టేజీ మార్చడంలో కొంత పోతుంది. ఒకటిన్నర సార్లు నిండితే బాగా వచ్చినట్టే. ముందు చక్రంలో డైనమో హబ్ (చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఇరుసు భాగం) ఉన్నవాళ్లకు మరో లెక్క ఉంది. ఆ హబ్‌లు సుమారు 15 కి.మీ. వేగం దగ్గర 6 వోల్టుల మీద 3 వాట్లు ఇచ్చేలా చేసి ఉంటాయి. జీపీఎస్ పరికరానికి అది ధారాళం. స్క్రీన్ వెలుగుతున్న ఫోన్‌కు మాత్రం వచ్చేది పోయేదానికి సరిపోతుందంతే, ఎక్కుడు దారిలో నెమ్మదిస్తే అదీ చాలదు.

అయితే ఈ లెక్కంతా స్క్రీన్ తెరిచి పెట్టిన ఫోన్‌కే. స్క్రీన్ ఆర్పేసి, ఫోన్‌ను జేబులో పెట్టి, మలుపులను మాటల్లో వింటూ తొక్కితే అదే ఫోన్ రోజంతా వస్తుంది. ఈ పద్ధతిని ఎవరూ తగినంత పట్టించుకోరనిపిస్తుంది నాకు. దీనికీ ఇబ్బందులున్నాయి: గాలి హోరులో స్పీకర్ సరిగా వినపడదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే వెనక వచ్చే బండి చప్పుడు వినపడదు, ఫ్రాన్స్‌లోనైతే 2015 నుంచి ఇయర్‌ఫోన్లతో సైకిల్ తొక్కడమే నేరం. మీ దగ్గర రూల్ ఏమిటో చూసుకోండి. ఒప్పుకున్నా ఒక్క చెవికే పెట్టుకోండి.

వానలో వేలు మాట వినని స్క్రీన్

ఫోన్ నీళ్లలో పాడవుతుందా అన్నది ఇప్పుడు అంత పెద్ద సమస్య కాదు, చాలా ఫోన్లు తడిని తట్టుకుంటాయి. సమస్య టచ్‌ది. ఆ స్క్రీన్ మన వేలిలోని విద్యుత్ గుణాన్ని పట్టుకుని పనిచేస్తుంది, నీటి బొట్టుకూ అదే గుణం ఉంది. దాంతో వాన చినుకే మ్యాప్‌ను జరుపుతుంది, జూమ్ చేస్తుంది, ఒక్కోసారి నావిగేషన్‌నే మూసేస్తుంది. మన వేలు మాత్రం పనిచేయదు. ప్లాస్టిక్ సంచిలాంటి కవర్‌లో పెడితే లోపల ఆవిరి పట్టి అసలేమీ కనపడదు. చలిలో చేతి తొడుగులు వేసుకున్నా ఇదే బాధ.

అందుకే జీపీఎస్ పరికరం కొంటే బటన్లున్నది కొనమంటాను. టచ్ మాత్రమే ఉన్న జీపీఎస్ వానలో ఫోన్‌కు దగ్గరి చుట్టం. చెయ్యి హ్యాండిల్ వదలకుండా, చూడకుండానే వేలితో నొక్కగలిగే బటన్ విలువ గతుకుల రోడ్డు మీద వానలో తెలుస్తుంది. టచ్, బటన్లు రెండూ ఉన్నది దొరికితే మరీ మంచిది, ఆగినప్పుడు మ్యాప్ జరపడానికి టచ్చే సుఖం.

ఫోన్‌ను మించినది లేని చోట

ఇంతవరకు చదివి ఫోన్ పనికిరాదనుకోవద్దు. దారి వెతకడంలో, మార్చుకోవడంలో, అడ్రసు టైప్ చేయడంలో ఏ సైకిల్ జీపీఎస్సూ ఫోన్ దరిదాపుల్లోకి రాదు. బటన్లతో ఒక్కో అక్షరం ఎంచుకుంటూ వీధి పేరు కొట్టడం ఓపికకు పరీక్షే. అనుకున్న రోడ్డు తవ్వేసి ఉందనుకోండి, ఫోన్ రెండు సెకన్లలో ఇంకో దారి లెక్కకట్టి ఇస్తుంది. సైకిల్ జీపీఎస్‌లో ప్రాసెసర్ చిన్నది. వంద కిలోమీటర్ల రూట్‌ను తిరగరాయమంటే ఆలోచిస్తూ కూర్చుంటుంది, చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి తిప్పాలని చూస్తుంది. తెలియని ఊళ్లో అప్పటికప్పుడు అనుకుని తిరిగేవాళ్లకు, రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు, ఎక్కడెక్కడో పనులు చూసుకుంటూ పోయేవాళ్లకు ఫోనే సరైనది. ఈ పనులకు డబ్బు పెట్టి జీపీఎస్ కొంటే అది సొరుగులోకే చేరుతుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా తొలగిపోవాలి. సిగ్నల్ లేని చోట ఫోన్ జీపీఎస్ పనిచేయదనే మాట తరచూ వింటాం. ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్‌కు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, ఫ్లైట్ మోడ్‌లో కూడా ఫోన్ తన చోటు తాను తెలుసుకోగలదు. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలిసి చుక్క త్వరగా పడుతుంది, అంతే. నెట్ లేకపోతే ఆగిపోయేది మ్యాప్. అందుకని మ్యాప్‌ను ముందే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌కు దించుకున్నా అది కారు దారులకే పనికొస్తుంది, సైకిల్ దారి లెక్కకట్టదు. ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లైతే నెట్ లేకుండానే సైకిల్ దారి చూపిస్తాయి.

ఆ రెండు యాప్‌ల కింద ఉన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, 2004లో మొదలై జనమే గీస్తూ వస్తున్న పటం. గార్మిన్, వాహూ లాంటి కంపెనీల సైకిల్ మ్యాప్‌లకు ఆధారం కూడా అదే. అంటే మీరు తొక్కే ప్రాంతంలో ఆ పటం మీద కాలిబాటలు, మట్టి దారులు గీసి లేకపోతే, ఎంత ఖరీదైన జీపీఎస్ కొన్నా వాటిని చూపలేదు. కొనే ముందు మీ చుట్టుపక్కల వంద కిలోమీటర్ల మ్యాప్ ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఉచితంగా తెరిచి చూడండి, సుమారుగా అదే మీ జీపీఎస్‌లోనూ కనిపిస్తుంది. లేని దారులు కనిపిస్తే ఖాతా తెరిచి మీరే గీయొచ్చు. నేను తొక్కే దారుల్లో కొన్ని అలా చేర్చాను. కొన్నాళ్లకు అవి తెలియనివాళ్ల రూట్లలో కనిపిస్తే కలిగే సంతోషం వేరు.

సెన్సర్లు, కుదుపులు

గుండె వేగం, కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతోంది), పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచేది) లాంటివి చూస్తూ తొక్కేవాళ్లకు విడి పరికరం సుఖం. పాత సెన్సర్లు కొన్ని యాంట్ ప్లస్ అనే పద్ధతిలోనే మాట్లాడతాయి, చాలా ఫోన్లకు ఆ భాష రాదు. కొత్త సెన్సర్లలో ఎక్కువ శాతానికి బ్లూటూత్ కూడా ఉంటుంది కాబట్టి ఇది ఒకప్పటంత అడ్డంకి కాదు. ఈ అంకెలు మీకు అక్కర్లేకపోతే వాటి కోసం డబ్బు పెట్టకండి. కొండ దారుల్లో ఇంకా ఎంత ఎక్కాలి, ముందు వాలు ఎంత అని చూపే పేజీ మాత్రం నాకు నిజంగా ఉపయోగపడింది. శక్తి ఎక్కడ దాచుకోవాలో తెలుస్తుంది.

కుదుపుల సంగతి జాగ్రత్తగా చెప్పాలి. పెద్ద మోటార్‌సైకిళ్ల ఇంజన్ ప్రకంపనలు హ్యాండిల్ ద్వారా ఐఫోన్‌కు చేరితే కెమెరా వ్యవస్థ దెబ్బతినవచ్చని 2021లో యాపిల్ హెచ్చరించింది. సైకిల్ పేరు అందులో లేదు, సైకిల్‌కు ఇంజనూ లేదు. కానీ కంకర రోడ్ల మీద గంటల తరబడి తొక్కేవాళ్లు కుదుపును మింగే మౌంట్ (ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించే పట్టు) తీసుకోవడమే మంచిది. లేదంటే ఫోన్‌ను జేబులోనే ఉంచండి. బరువు తేడా కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఫోన్ సుమారు 200 గ్రాములు, చిన్న సైకిల్ జీపీఎస్ 70-80 గ్రాములు. గుంతలో పడ్డప్పుడు మౌంట్ పట్టు మీద పడే బలం ఆ బరువును బట్టే ఉంటుంది. పడి పగిలితే జీపీఎస్ పోతే జీపీఎస్సే పోతుంది. ఫోన్ పోతే దానితో పాటు బ్యాంకు, టికెట్లు, ఇంటి నంబర్లు అన్నీ పోతాయి.

ఒక మాట: జీపీఎస్ పరికరాల్లో "పడిపోతే ఇంటికి కబురు" అనే సదుపాయం చూసి ఇక ఫోన్ అక్కర్లేదనుకోకండి. ఆ కబురు పంపేది జోడించి ఉన్న ఫోనే. ఫోన్‌లో ఛార్జ్ లేకపోతే కబురూ లేదు.

రెండింటి మధ్య దారులు

కొత్త ఫోన్ కొన్నాక ఇంట్లో పడి ఉన్న పాతదాన్ని సైకిల్‌కు కట్టేయడం చాలా మంచి ఆలోచన. సిమ్ అక్కర్లేదు. మ్యాప్‌లు వైఫైలో దించుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ మాత్రం తెరిచి ఉంచితే చాలు. అసలు ఫోన్ నిండు ఛార్జ్‌తో జేబులో భద్రంగా ఉంటుంది. ఎండలో కనపడకపోవడం, వానలో టచ్ ఆడకపోవడం అలాగే ఉంటాయి, కానీ నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. బ్యాటరీ బాగా నీరసించి ఉంటే మాత్రం ముందు అది మార్పించండి.

మ్యాప్ లేకుండా గీత మాత్రమే చూపించే చిన్న జీపీఎస్‌లు ఉన్నాయి. ఖాళీ తెర మీద మీ రూట్ ఒక గీతగా, మీరు ఒక చుక్కగా కనిపిస్తారు. ఇంట్లో రూట్ గీసుకుని, దాన్నే అనుసరించేవాళ్లకు ఇవి ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తాయి. గీత తప్పాక తిరిగి ఎలా చేరాలో మాత్రం చెప్పలేవు. ఐదు రోడ్ల కూడలిలో ఆగి చూసుకోవాల్సి వస్తుంది. నెలల తరబడి దూర ప్రయాణం చేసేవాళ్లు కొందరు ట్రెక్కింగ్ వాళ్ల చేతి జీపీఎస్‌లనే సైకిల్‌కు కట్టుకుంటారు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు మామూలు డబుల్-ఎ సెల్స్ మీద 25 గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెబుతుంది, ఆ సెల్స్ ఏ చిన్న కొట్టులోనైనా దొరుకుతాయి. ప్లగ్ పాయింట్ కోసం వెతుక్కునే పని లేదు.

నా లెక్క ప్రకారం

మీ రైడ్ మూడు గంటల లోపు, తెలిసిన ఊరి చుట్టుపక్కలే అయితే ఫోన్ చాలు, ఇంకేమీ కొనకండి. సగం రోజు రైడ్లయితే జేబులో ఫోన్, చెవిలో మాట, బ్యాగులో చిన్న పవర్ బ్యాంక్. దీంతో ఒక సీజన్ గడిపి చూడండి. ఆ సీజన్‌లో ఎన్నిసార్లు మలుపు కోసం ఆగారో, ఎన్నిసార్లు సాయంత్రానికి ఛార్జ్ ఇరవై శాతం కిందికి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. రెండూ తరచుగా జరుగుతుంటే జీపీఎస్ కొనే సమయం వచ్చినట్టే. బ్రెవేలు, రాత్రి రైడ్లు, వానాకాలం రైడ్లు, సిగ్నల్ లేని అడవి, కొండ దారులు మీ కార్యక్రమంలో ఉంటే సీజన్ ఆగనక్కర్లేదు. బటన్లతో, ఎండలో కనిపించే స్క్రీన్‌తో ఉన్న జీపీఎస్ తీసుకోండి. మీ అతి పొడవైన రైడ్ గంటలకు ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉన్నది చూడండి, ఎందుకంటే రూట్ పెట్టి, సెన్సర్లు జోడించి, రాత్రి లైటు వేస్తే పెట్టె మీది అంకె రాదు.

ఫోన్‌తోనే ఉండేవాళ్లు ఒక్క సెట్టింగ్ తప్పకుండా మార్చాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో స్క్రీన్ ఆరగానే యాప్‌ను నిద్రపుచ్చుతాయి. మలుపు దాటిపోతుంది, మాట రాదు. రికార్డింగ్ సగంలో తెగిపోతుంది. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో ఆంక్షలు తీసేసి, లొకేషన్ అనుమతి ఎప్పుడూ ఉండేలా పెట్టండి. డూ నాట్ డిస్టర్బ్ వేసి, ఇంటివాళ్ల కాల్స్‌ను మాత్రం రానివ్వండి. మలుపు దగ్గర స్క్రీన్ మీద మెసేజ్ వచ్చి పడితే కళ్లు దాని మీదికే పోతాయి.

జీపీఎస్ కొన్నవాళ్లు చేసే పొరపాటు వేరు. రూట్‌ను దాని మీదే గీయాలని చూస్తారు. రూట్ ఎప్పుడూ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ లాంటి రూట్ గీసే యాప్‌లలో గీసి పంపండి. రూట్‌ను దించుకునే ఫైల్ రకాలు కొన్ని ఉన్నాయి. జీపీఎక్స్ ఫైల్‌లోని ట్రాక్ అంటే చుక్కల వరస మాత్రమే. మలుపు సూచనలు కూడా ఫైల్‌లోనే రావాలంటే టీసీఎక్స్ ఫైల్‌గానో ఫిట్ ఫైల్‌గానో దించుకోండి. దారి తిరిగి లెక్కకట్టే సెట్టింగ్ ఆపేస్తే, గీత తప్పినప్పుడు అది తప్పావని చెప్పి ఊరుకుంటుంది, మీరు కష్టపడి గీసుకున్న రూట్‌ను మార్చేయదు. కేబుల్‌తో ఫైల్ ఎక్కించడం కూడా నేర్చుకుని ఉండండి. 2020 జులైలో సైబర్ దాడి వల్ల గార్మిన్ ఆన్‌లైన్ సేవలు కొన్ని రోజులు ఆగిపోయాయి. పరికరాలు మామూలుగానే నడిచాయి, కానీ యాప్ ద్వారా తప్ప రూట్ ఎక్కించడం తెలియనివాళ్లు చిక్కుకుపోయారు.

కొత్త పరికరాన్ని మొదటిసారి తెలియని దారిలోకి తీసుకెళ్లకండి. రోజూ తొక్కే రూట్‌నే గీసి, ఎక్కించి, కావాలని ఒక మలుపు తప్పి చూడండి. అది ఎప్పుడు చెబుతుంది, ఎలా చెబుతుంది, తిరిగి గీత మీదికి వచ్చాక ఎంతసేపటికి తెలుసుకుంటుంది అన్నది చేతికి అలవాటు కావడానికి రెండు మూడు రైడ్లు చాలు.